ముప్పై డిగ్రీలు దాటిన మాట

మా బావకి కోపం రాదు. ఈ సంగతి ఆయనే అందరికీ చెబుతూ ఉంటాడు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ. ఎవరైనా నమ్మకపోతే బల్ల చరిచి మరీ చెబుతాడు.

మునిసిపల్ ఆఫీసు ఫిర్యాదుల విభాగంలో ఒకటో కౌంటరు ఆయనది, రెండోది నాది. నేను ఆయన భార్యకి తమ్ముణ్ని. ఆ కుర్చీ నాకు దక్కడం ఆయన చలవే, ఆ సంగతి కూడా ఆయన మర్చిపోనివ్వడు. ఫిర్యాదు కాగితం తీసుకుని, చదివి, ముద్ర వెయ్యడం ఆయన పని. దానికి నంబరు వేసి రసీదు చింపి ఇవ్వడం నా పని. నంబరు పడిందంటే ఏడు రోజుల్లోగా, కాగితం తీసుకున్న మనిషే స్వయంగా వెళ్లి తనిఖీ చెయ్యాలి. ఆఫీసు పుట్టినప్పటి రూలు ఇది. వీధి దీపం వెలగడం లేదంటే ఆ స్తంభం కింద నిలబడి తలెత్తి చూడాలి. మురుగు పొంగుతోందంటే ముక్కు మూసుకునైనా దాని పక్కన నిలబడి రావాలి. మా బావకి గిట్టని పని లోకంలో ఏదైనా ఉందంటే అది తనిఖీ.

మాకూ జనానికీ మధ్య ఒక అద్దం ఉంటుంది. ఆ అద్దంలో నడుమెత్తున చిన్న కంత. అది ఎవరి ఆలోచనో గాని, ఎంత పెద్దమనిషైనా మాతో మాట్లాడాలంటే నడుం వంచి తీరాలి. ఫ్యాన్లు రెండూ మా వైపే. అటువైపు రేకుల వరండా, అందులో ఒక ఇనప బల్ల. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నంత వేగంగానే లేస్తాడు. లేచి, చెమట తుడుచుకుని, వంగి, కంతలో మూతి పెట్టి, "మూడు వారాలైంది సార్, కుళాయిలో చుక్క రాలేదు" అంటాడు. మా బావ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "అరవకండి, మెల్లగా చెప్పండి" అంటాడు. ఆ మనిషి అప్పటిదాకా అరవలేదు. అప్పుడు మొదలుపెడతాడు.

ఆ ఏడాది ఎండలతో పాటు గొడవలూ ముదిరాయి. ఒకాయన అద్దాన్ని పిడికిలితో గుద్దాడు. ఒకావిడ ఖాళీ బకెట్టు తెచ్చి కంత ముందు బోర్లించి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. ఒకరోజు ముద్ర సిరా ఎండిపోతే దానికి కూడా మా బావనే తిట్టారు. పై ఆఫీసరుగారి దాకా ఈ సంగతి వెళ్లింది. అటువైపు ఒక ఫ్యాను పెట్టిస్తారనుకున్నాం. ఆయన మాకు శిక్షణా తరగతి పెట్టించారు.

పాఠం చెప్పడానికి కాలేజీ నుంచి మనస్తత్వశాస్త్రం మేడమ్ వచ్చింది. ఎండకీ కోపానికీ ఉన్న చుట్టరికం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. ఉక్క కూడా పంటినొప్పి లాంటి బాధేనట. బాధలో ఉన్నవాడి బుర్రలోకి పాత బాధలు, పాత తగాదాలు ఒకదాన్నొకటి పిలుచుకుని వస్తాయట. పైగా వేడికి గుండె దడదడలాడుతుంది, ఒళ్లంతా చెమట పడుతుంది. కోపమొచ్చినా జరిగేది దాదాపు అదే. "మనసు ఈ రెంటికీ తేడా కనిపెట్టలేదండీ. నా గుండె ఎందుకిలా కొట్టుకుంటోందని చుట్టూ చూస్తుంది. ఎదురుగా ఎవరుంటే వాళ్లే కారణం అనేసుకుంటుంది" అంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమని మా అమ్మమ్మ ఏ కాలేజీకీ వెళ్లకుండానే చెప్పేది. ఇక్కడ అత్త ఎండ, దుత్తలం మేం.

ఇంకోటి కూడా చెప్పింది. ఉక్కలో ఉన్నవాడికి మామూలు మాట ఎత్తిపొడుపులా వినిపిస్తుందట, మామూలు మొహం వెక్కిరింపులా కనిపిస్తుందట. అసలు ఇవేమీ కాదు, ఎండాకాలం జనం వీధుల్లో ఎక్కువ తిరుగుతారు, ఎక్కువ తగులుకుంటారు, అందుకే తగాదాలు ఎక్కువ అనేవాళ్లూ ఉన్నారట. మరీ మాడిపోయే ఎండలో కొట్లాడే ఓపిక కూడా పోయి నీడ వెతుక్కుంటారనేవాళ్లు ఇంకొందరు. "ఇది ఇంకా తేలలేదండీ" అని ఒప్పేసుకుంది. తేలని విషయం తేలలేదని పైకి చెప్పిన మనిషిని మా ఆఫీసులో నేను చూడటం అదే మొదలు.

సరిగ్గా అక్కడ టీ వచ్చింది. బిస్కెట్లు అయిపోకముందే అందుకోవాలని మా బావ లేచి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేసరికి మేడమ్‌కి శాలువా కప్పుతున్నారు. మధ్యలో ఆవిడ చెప్పిన మాటలు ఆయన వినలేదు, నేను విన్నాను. "ఒక్కటి గుర్తుంచుకోండి. వేడి కోపాన్ని పెంచుతుంది. అంతమాత్రాన కోపానికి కారణం లేదని కాదు. కుళాయిలో నీళ్లు రాకపోవడం చలికాలంలోనూ నిజమే, ఎండాకాలంలోనూ నిజమే. ఇంకో సంగతి, ఎండ అద్దానికి అటువైపే కొట్టదు. మీ కోపాన్ని కూడా కాస్త కనిపెట్టి ఉండండి" అంది.

నేను ఈ మాటలు బావకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తర్వాత చెబుతాను, అది నేను గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

మర్నాడే బావ రెండు ఉష్ణోగ్రత మీటర్లు కొనుక్కొచ్చాడు. ఒకటి ఆఫీసులో తన తల మీదుగా గోడకి, రెండోది ఇంట్లో హాల్లో కూలరు పక్కన. కొత్త రబ్బరు ముద్ర ఒకటి చేయించాడు: "ఉష్ణావేశం. చల్లబడ్డాక చూడవలెను." అద్దానికి బోర్డు కూడా తగిలించాడు: "ముప్పై డిగ్రీల లోపు చెప్పినది మాట. ముప్పై దాటినది ఆవిరి. దయచేసి చల్లబడ్డాక రండి."

ఇక చూసుకోండి. మనిషి వచ్చి వంగి నోరు తెరవగానే బావ వేలు పైకి చూపిస్తాడు. "ముప్పై ఎనిమిది. మాట్లాడుతున్నది మీరు కాదు బాబూ, ఎండ." వచ్చినవాడు తెల్లబోయి మీటరు వంక చూస్తాడు. గోడకున్న యంత్రం చెబుతోంటే కాదనడం ఎవరికైనా కష్టమే. నిజంగా నాకంత కోపం లేదేమోనని అనుమానం కూడా వస్తుంది. ఈలోగా ముద్ర పడిపోతుంది. ఆ ముద్ర పడ్డ కాగితానికి నంబరు ఉండదు, నంబరు లేకపోతే తనిఖీ ఉండదు. కాగితం మా వెనకున్న ఇనప బీరువాలోకి వెళుతుంది.

కుట్టు మిషను పెట్టుకుని బతికే ఒక పెద్దావిడ మూడుసార్లు వచ్చింది. ఆవిడ గుమ్మం ముందు మురుగు కాలువ పొంగి, కుట్టడానికి ఇచ్చిన బట్టలు పాడవుతున్నాయని ఆవిడ మొర. గొంతు ఎప్పుడూ పెంచలేదు. మూడోసారి మాత్రం, "మురుక్కి ఎండేంటి, వానేంటి బాబూ?" అని అడిగింది. "ఇదే, ఈ ఎదురు ప్రశ్నే ఎండ లక్షణం" అని బావ ముద్ర గుద్దాడు.

నెల తిరిగేసరికి మా విభాగంలో నంబరు పడ్డ ఫిర్యాదులు తొమ్మిది. అంతకుముందు నెలలో రెండు వందల పైచిలుకు. పై ఆఫీసరుగారు బావకి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఊరు బాగుపడిందని ఆ కాగితం మీద రాసుంది. ఊళ్లో మురుగు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇప్పుడు నా సంగతి. బావ ముద్ర వేసినప్పుడల్లా నాకు ఒక రసీదు పని తప్పేది. నేను ఫ్యాను కింద కూర్చుని పేపర్లో గళ్ల నుడికట్టు పూర్తి చేసుకునేవాణ్ని. మేడమ్ చెప్పిన రెండో సగం బయటపెడితే నా నుడికట్టు పోతుంది. అంతే కారణం. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

ఆఫీసులో ఆగి ఉంటే ఈ కథ నవ్వుకోవడానికి సరిపోయేది. కాని రెండో మీటరు మా అక్క ఇంట్లో ఉంది.

వాళ్లది మూడో అంతస్తు, పైన డాబా. ఒక హాలు, ఒక పడకగది, ఒక వంటగది. వంటగదికి కిటికీ లేదు. పడమటి గోడకి ఒక కిటికీ కొట్టించమని అక్క అడగడం మొదలుపెట్టి పదకొండేళ్లు. ఎండాకాలం అడిగితే ఎండ లోపలికొస్తుందంటాడు, వానాకాలం అడిగితే జల్లు కొడుతుందంటాడు, చలికాలం అడిగితే గాలి రివ్వుమంటుందంటాడు. ఏడాదికి ఉన్నవే ఆ మూడు కాలాలు. పైగా వంట జరుగుతున్నంతసేపూ వంటగది తలుపు మూసి ఉండాలి, లేకపోతే హాల్లో కూలరు చల్లదనం పోతుంది.

మా అక్క చిన్నప్పుడు బళ్లో అందరు టీచర్లనీ అనుకరించి చూపించేది. ఆవిడ నడుస్తూ వస్తోంటేనే మాకు నవ్వొచ్చేది. అలాంటి మనిషి ఆ ఎండల్లో చెమటతో తడిసి తలుపు తీసుకుని బయటికొచ్చి, "ఏవండీ, ఒక్క కిటికీ అండీ, నేనేమన్నా మేడ అడిగానా" అంటే, మా బావ కూలరు ముందు నుంచి కదలకుండా మీటరు వంక చూసి, "ముప్పై మూడున్నర. ఇది నువ్వు కాదు, ఉక్క" అనేవాడు. డైరీ తీసి రాసుకునేవాడు. శాస్త్రం కదా.

ఒక ఆదివారం పొద్దున్నే అక్క మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు. సంచిలోంచి ఆ డైరీ తీసి నా చేతిలో పెట్టింది.

"చదవరా" అంది.

చదివాను. "33.5. అరుపు, పది నిమిషాలు." "34. మూత విసురుట. మూతకు సొట్ట." "32. కన్నీళ్లు. కారణం ఉక్కపోత." అలా మూడు నెలలు. ఏ పేజీలోనూ కిటికీ అన్న మాట లేదు. చివరి పేజీలో, "35. మౌనం. మెరుగుదల కనిపిస్తోంది" అని ఉంది.

నాకు నవ్వు రాలేదు. భయమేసింది. వారం రోజులుగా అక్క ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదని అప్పుడు గుర్తొచ్చింది.

"పదకొండేళ్లు నేను మాట్లాడింది మాట కాదట రా. ఒక్కోసారి నాకూ అనుమానమొస్తోంది, నిజంగా నాకే ఉక్క ఎక్కి వాగుతున్నానేమోనని. నువ్వూ ఆ పాఠానికి వెళ్లావుగా. ఆ మేడమ్ నిజంగా ఇదే చెప్పిందా?"

అక్క మొహం చూస్తూ అబద్ధమాడటం నా వల్ల కాలేదు. టీ దగ్గర బావ పోగొట్టుకున్న రెండో సగం మొత్తం చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, "ఇది నీకు మూడు నెలలుగా తెలుసా?" అంది.

"తెలుసక్కా."

"నీకు ఫ్యాను గాలి బాగా వస్తుందా రా అక్కడ?"

తిట్టినా బాగుండేది. నేను తల దించుకున్నాను. ఆవిడ డైరీ మళ్లీ సంచిలో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ముప్పై లోపు చెబితే మాటేగా?"

"బోర్డు మీద అలాగే రాసుందక్కా."

"అయితే వాన పడనీ" అని వెళ్లిపోయింది.

ఇంకో పన్నెండు రోజులకి వాన పడింది. అడపాదడపా జల్లు కాదు, రాత్రంతా కురిసి తెల్లారాక కూడా ఆగని ముసురు. ఆఫీసుకి వెళ్లి మీటరు చూశాను. ఇరవై మూడు. బావ హుషారుగా, "ఇవాళ ఒక్కడూ రాడ్రా, అందరి బుర్రలూ చల్లబడి ఉంటాయి" అన్నాడు.

పది గంటలకి తలుపులు తీశారు. వరండాలో గొడుగులు. వరండా దాటి మెట్ల మీద గొడుగులు, మెట్లు దాటి రోడ్డు మీద గొడుగులు. చల్లబడ్డాక రమ్మన్నారు కదా, వచ్చారు. ఒక్కరూ అరవలేదు. ఒకరి తర్వాత ఒకరు వంగి, నెమ్మదిగా, అదే మాట చెప్పారు. కుళాయిలో చుక్క రాలేదు. స్తంభం మీద దీపం లేదు. చెత్త బండి రాలేదు. అప్పుడు మూడు వారాలన్నవాడు ఇప్పుడు మూడు నెలలన్నాడు. బావ మీటరు వంక చూస్తాడు, ఇరవై మూడు. ముద్ర వెయ్యడానికి లేదు. కాగితం నాకు తోస్తాడు, నేను నంబరు వేస్తాను. నాకు వేళ్లు నొప్పి పుట్టాయి. ఇంతకంటే అద్దం గుద్దినవాడే నయమనిపించింది, వాడు కనీసం వెళ్లిపోయేవాడు.

ఇరవయ్యో మనిషో ఇరవై ఒకటో మనిషో వచ్చినప్పుడు బావ తలెత్తకుండానే, "ఏ వార్డు? సమస్య ఏంటి?" అన్నాడు.

"వంటగది. కిటికీ లేదు. పదకొండేళ్లుగా పెండింగు" అంది మా అక్క.

బావ తలెత్తాడు. అక్క గొడుగు మడిచి, ఫిర్యాదు కాగితం చేత్తో పట్టుకుని, అందరిలాగే నడుం వంచి కంతలోంచి చూస్తోంది. వెనకాల కుట్టు మిషను పెద్దావిడ నిలబడి ఉంది.

"ఏంటిది? ఇంటికి పద, ఇంట్లో మాట్లాడుకుందాం" అన్నాడు బావ గొంతు తగ్గించి.

"ఇంట్లో పొయ్యి వెలుగుతుందండీ. పొయ్యి వెలిగితే నా మాట చెల్లదు. ఇక్కడే చెబుతాను. మీటరు చూడండి."

"చూశాను."

"ఎంతుంది?"

కుట్టు మిషను ఆవిడ మెడ సాచి చూసి, "ఇరవై మూడమ్మా" అంది.

"నాకు కోపంగా ఉందండీ" అంది అక్క. గొంతు పెంచలేదు, వణకనూ లేదు. "చెమట లేదు, ఉక్క లేదు. రాత్రి హాయిగా నిద్ర కూడా పోయాను. అయినా కోపంగానే ఉంది. రాసుకోండి."

"ఇది మునిసిపల్ పరిధిలోకి రాదు" అన్నాడు బావ.

"మీ పరిధిలోకి వస్తుందా?"

వెనక వరసలో ఎవరో దగ్గారు. బావ నుదుటి మీద చెమట. చెయ్యి అలవాటు కొద్దీ ఉష్ణావేశం ముద్ర మీదికి వెళ్లింది, మళ్లీ మీటరు చూసి వెనక్కొచ్చింది. "తొందరగా తేల్చండి బాబూ, మా అందరిదీ అదే సంగతి" అంది పెద్దావిడ. బావ కాగితం నా వైపు తోశాడు. నేను నా బతుకులో అంత శ్రద్ధగా ఏ నంబరూ వెయ్యలేదు. రసీదు చింపి ఇస్తే అక్క మడిచి సంచిలో పెట్టుకుంది.

"నంబరు పడింది. ఏడు రోజుల్లో తనిఖీకి రండి. రేపైతే నాకు వీలే" అని గొడుగు తెరుచుకుని వెళ్లింది.

కిటికీ వచ్చిందా అంటే వచ్చింది, అయిదో రోజుకి తాపీ మేస్త్రి వచ్చి గోడ కొట్టాడు. బీరువాలోని కాగితాలన్నిటికీ నంబర్లు పడ్డాయి, వాటి తనిఖీల కోసం బావ ఇప్పటికీ చెప్పులరిగేలా తిరుగుతున్నాడు. వీటి గురించి కాదు గాని, ఆ తనిఖీ గురించి చెప్పాలి నేను.

మర్నాడు పొద్దున వాన ఇంకా పడుతూనే ఉంది. అక్క నన్ను సాక్షిగా రమ్మంది. బావ తనిఖీ పుస్తకం, పెన్నూ పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసి, "సరే, చూశాను" అన్నాడు.

"అలా కాదు. మురుగు ఫిర్యాదుకి కాలువ మూసి చూస్తారా?" అంది అక్క. రెండు పొయ్యిలూ వెలిగించింది, ఒకదాని మీద అన్నం, ఒకదాని మీద పప్పు పెట్టింది. హాల్లో గోడకున్న మీటరు తీసి బావ చేతికిచ్చింది. తను బయటికొచ్చి తలుపు మూసింది. "రోజూ గంటన్నర. మీరు అరగంట ఉండండి చాలు."

నేనూ అక్కా హాల్లో కూర్చున్నాం. కిటికీలోంచి వాన గాలి వస్తోంది. పదకొండు నిమిషాలకి తలుపు దడాలున తెరుచుకుంది.

"ఎవడ్రా తలుపేసింది? మనిషిని చంపుదామనా? ఏంట్రా ఆ నవ్వు? నా ఉద్యోగం, నా సిఫార్సు, నన్ను చూసే నవ్వుతావా?" అని బావ నా మీద విరుచుకుపడ్డాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. తనిఖీ పుస్తకం నా కాళ్ల దగ్గర వచ్చి పడింది. నిజం చెబుతున్నాను, నేను నవ్వలేదు. నా మొహమే అంత.

అక్క లేచి వెళ్లి ఆయన చేతిలోంచి మీటరు తీసుకుంది. వెలుగులో పెట్టి చూసింది. సంచిలోంచి డైరీ తీసి, "మెరుగుదల కనిపిస్తోంది" అన్న వాక్యం కింద, తన గుండ్రటి అక్షరాలతో రాసింది: "43. అరుపు. పుస్తకం విసురుట."

"నలభై మూడండీ. ఇప్పుడు మీరు చెప్పేది లెక్కలోకి రాదు. చల్లబడ్డాక చెప్పండి" అంది.

బావ కుర్చీలో కూలబడ్డాడు. మీటరు వంక చూశాడు, హాల్లో గోడకి అది ఉండే మేకు వంక చూశాడు. మూడు నెలలుగా తను రాసుకున్న అంకెలన్నీ ఎక్కడివో అప్పుడు తట్టినట్టుంది. చాలాసేపు తల తుడుచుకుంటూ కూర్చున్నాడు. నాకు ఆయన మీద మొదటిసారి జాలేసింది.

"రోజూ ఇంతేనా?" అన్నాడు చివరికి.

అక్క మళ్లీ వంటగదిలోకి వెళుతూ గుమ్మంలో ఆగింది.

"ఇవాళ వాన కదండీ. రోజూ ఇంత చల్లగా ఉండదు" అంది.